అక్క అడిగిన క్రీం పేరు

మంగళవారం పొద్దున పదింటికి స్టాండప్ కాల్‌లో ఉన్నాను. ఫోన్ వరసగా టింగ్ టింగ్ మంటోంది. చూస్తే అక్క నుంచి ఏడు ఫొటోలు, అన్నీ చిన్నోడి బుగ్గలే. ఐదు నెలల పసివాడి బుగ్గలంటే చూడగానే ముద్దు పెట్టుకోవాలనిపించాలి. ఇవి మాత్రం ఎర్రగా, గరుగ్గా, అక్కడక్కడా పగిలి తడితడిగా ఉన్నాయి. కింద ఒకటే మెసేజ్: "ఒరేయ్, నువ్వు వాడే క్రీం పేరేంట్రా? అర్జెంట్‌గా పంపు."

అక్క నన్నే ఎందుకు అడిగిందంటే, మా ఇంట్లో ఈ సబ్జెక్టులో సీనియర్ని నేనే. బీటెక్ ఫస్టియర్ నుంచి నాకు ఎగ్జిమా ఉంది. మోచేతి మడతల్లో, మెడ మీద, చలికాలం వస్తే వేళ్ల మధ్య. ఏప్రిల్ ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని తిరిగే మనిషిని మీరు ఎప్పుడైనా చూస్తే, స్టైల్ అనుకోకండి. వాడు నాలాంటి వాడై ఉండొచ్చు.

కొండాపూర్‌లో నా రూమ్ బాత్రూమ్ అలమర తీస్తే పద్నాలుగు ట్యూబులు, డబ్బాలు ఉంటాయి. ప్రతి దాని వెనకా ఒక రీల్ ఉంది, ఒక ఫైవ్ స్టార్ రివ్యూ ఉంది, ఒక నిద్ర లేని రాత్రి ఉంది. ఇన్ని కొన్నవాణ్ని ఒక్క పేరు చెప్పలేనా? చెప్పలేకపోయాను. నా ఒంటి మీద ప్రయోగం చేసుకోవడం వేరు, ఐదు నెలల వాడి బుగ్గ మీద చేయడం వేరు. "శనివారం వస్తున్నా. అప్పటిదాకా కొత్తగా ఏమీ పూయకు" అని మాత్రం పెట్టాను.

'తామర' అనే మాటతో వచ్చిన తంటా

నేను చేసిన మొదటి పొరపాటు ఇక్కడే చెప్పేస్తాను, మీకైనా పనికొస్తుంది. మనవైపు ఒంటి మీద ఎర్రగా మచ్చ వచ్చి దురద పెడితే చాలు, 'తామర' అంటారు. ఫంగస్ వల్ల గుండ్రంగా వచ్చేదీ తామరే, ఎగ్జిమా కూడా తామరే. మాట ఒకటే కానీ జబ్బులు రెండు. ఫంగస్‌ది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఎగ్జిమా అంటుకోదు. మందులు కూడా వేరు.

సెకండియర్‌లో హాస్టల్ పక్కన మెడికల్ షాపుకెళ్లి "అన్నా, తామరకి ఏదైనా ఇవ్వు" అన్నాను. ఒక ట్యూబు ఇచ్చాడు. రెండు రోజుల్లో దురద మాయం. మ్యాజిక్ అనుకున్నా. ఆపగానే రెట్టింపై వచ్చింది. మళ్లీ పూశాను, మళ్లీ తగ్గింది. అలా ఏడాదిన్నర! చివరికి మోచేతి మడతలో చర్మం ఉల్లిపొర లాగా పల్చబడి లోపలి నరాలు కనిపించాయి. అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తే తెలిసింది, ఆ ట్యూబులో బలమైన స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉన్నాయని. 2018లో కేంద్రం ఇలాంటి స్టిరాయిడ్ పూత మందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ "అన్నా, ఏదైనా ఇవ్వు" అంటే ఇచ్చే కౌంటర్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. స్టిరాయిడ్ అంటే విషం కాదు. డాక్టర్ చెప్పిన బలంలో, చెప్పినన్ని రోజులు వాడితే అదే కాపాడుతుంది. నేను చేసింది తప్పు, మందు చేసింది కాదు.

గోడకి సున్నం తగ్గితే

అసలు ఎగ్జిమా ఎందుకొస్తుంది? చర్మం పై పొరని ఇటుకల గోడ అనుకోండి. ఇటుకలు కణాలు. మధ్యలో సిమెంటు లాంటిది కొవ్వు పదార్థం, అందులో ముఖ్యమైనవి సెరమైడ్లు. మనలో కొందరికి ఈ గోడ పుట్టుకతోనే కాస్త బీటలు వారి ఉంటుంది. లోపలి తడి బయటికి పోతుంది. బయటి సబ్బు, సెంటు, దుమ్ము లోపలికి వెళ్తాయి. లోపలున్న రోగనిరోధక వ్యవస్థ "దొంగలొచ్చారు" అని గోల చేస్తుంది. ఆ గోలే ఎరుపు, దురద. గోకితే గోడ ఇంకా పగులుతుంది. మళ్లీ మొదటికి.

ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ ఈ గోడ కట్టడంలో కీలకం. దాని జన్యువులో లోపం ఉన్నవాళ్లకి ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని 2006లో స్కాట్లండ్‌లోని డండీ యూనివర్సిటీ పరిశోధకులు, వాళ్ల సహచరులు తేల్చారు. ఎగ్జిమా, ఆస్తమా, తుమ్ముల ఎలర్జీ తరచూ ఒకే కుటుంబంలో తిరుగుతుంటాయి. మా నాన్నకి చిన్నప్పటి నుంచి ఆయాసం. నాకు ఇది. ఇప్పుడు చిన్నోడికి. మా ఇంటి ఆస్తి పంపకాలు ఇలా జరిగాయన్నమాట.

తెనాలిలో ఆదివారం స్నానం

శనివారం రాత్రికి తెనాలి చేరాను. అక్క సన్నబడిపోయింది. భోజనాల దగ్గర చూస్తే దాని కంచంలో చారు, కారప్పొడి, నెయ్యి. అంతే. "ఏంటక్కా ఇది?" అంటే అమ్మ అందుకుంది: "మూడో నెలలో వంకాయ కూర తిన్నది రా. నేను వద్దంటూనే ఉన్నా. అందుకే బిడ్డకి ఇట్లా తేలింది." నెలన్నరగా అక్క వంకాయ, గోంగూర, చేపలు, గుడ్డు, పెరుగు అన్నీ మానేసింది. పాలిచ్చే తల్లి! బిడ్డ రాత్రంతా గోక్కుంటూ ఏడుస్తుంటే, తన నోటి వల్లే అని కుమిలిపోతోంది. పైగా వచ్చే నెల మంచి రోజు చూసి అత్తారింటికి పంపాలి. "వాళ్లేమంటారో, ఒంటి నిండా తామరతో పంపారంటారేమో" అని అమ్మ బెంగ.

పొద్దున స్నానం చూశాను. చెయ్యి పెడితే చురుక్కుమనే వేడి నీళ్లు. అందులో ఒక మూత యాంటీసెప్టిక్, గుప్పెడు వేపాకు. ముందు నువ్వుల నూనె, తర్వాత మీగడ కలిపిన సున్నిపిండితో నలుగు. జిడ్డు పోవాలని బేబీ సోపు. తుడిచాక సువాసనల లోషను, దాని మీద పౌడరు. ఆపైన సాంబ్రాణి పొగ. వాడి ఏడుపు వీధి చివరి దాకా వినిపించింది. వేళ్ల మీద లెక్కపెట్టాను, తొమ్మిది. నా అలమరలో పద్నాలుగు, వాడి ఒంటి మీద తొమ్మిది. మేనమామ పోలికే!

అమ్మని తప్పు పట్టడం లేదు. అవన్నీ ప్రేమతోనే చేసింది, మమ్మల్నీ అలాగే పెంచింది. గట్టి గోడకి అవేమీ చేయవు. బీటలు వారిన గోడకే చిక్కు.

సోమవారం లీవు పెట్టి గుంటూరులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ బుగ్గలు, మోకాళ్లు, వీపు చూసి, ఎగ్జిమానే అని చెప్పి అడిగిన మొదటి ప్రశ్న: "ఒంటికి ఏమేం వాడుతున్నారు?" అమ్మ తొమ్మిదీ చెప్పింది. ఆవిడ నవ్వి, "ముందు ఇవన్నీ ఆపండమ్మా. ఏం వాడాలో తర్వాత చెప్తాను" అన్నారు.

నాకు తల తిరిగినంత పనైంది. పదేళ్లుగా నేను 'ఇంకా ఏం కలపాలి' అనే వెతుకుతున్నా. 'ఏం తీసేయాలి' అని ఎప్పుడూ వెతకలేదు. ఆఫీసులో బగ్ వస్తే మొదట చేసే పని కొత్తగా కలిపినవి ఒక్కొక్కటి తీసి చూడటమే కదా. ఒంటి విషయంలో ఆ బుద్ధి ఏమైందో!

అక్క తిండి గురించి కూడా ఆవిడ తేల్చేశారు. ఏదైనా తిన్న వెంటనే బిడ్డకి దద్దుర్లు, వాంతులు లాంటివి స్పష్టంగా కనిపిస్తే తప్ప, అనుమానంతో తల్లి ఇన్ని మానేయకూడదట. "వంకాయ చేసిన పాపం ఏమీ లేదు, తిను" అన్నారు. అక్క అక్కడే ఏడ్చేసింది.

పిండి, మీగడ ఎందుకు వద్దన్నారంటే

అమ్మకి అన్నిటికన్నా సున్నిపిండి మానడమే కష్టమైంది. "అందులో కెమికల్స్ ఏమున్నాయి? పెసలు, శనగలే కదా" అంది. మొదటిది, పగిలిన చర్మం మీద పిండి రుద్దితే గరుకుకాగితం పెట్టినట్టే. రెండోది కాస్త ఆశ్చర్యం కలిగిస్తుంది. తినే పదార్థాలు నోటి ద్వారా కాకుండా పగిలిన చర్మం ద్వారా లోపలికి వెళ్తే, శరీరం వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. చర్మానికి వేరుశనగ నూనె ఉన్న క్రీములు రాసిన పిల్లల్లో వేరుశనగ ఎలర్జీ ఎక్కువగా కనిపించిందని 2003లో బ్రిటన్ పరిశోధకులు చెప్పారు. జపాన్‌లో గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడిన రెండు వేల మందికి పైగా గోధుమ ఎలర్జీ వచ్చింది. అప్పటిదాకా హాయిగా నూడుల్స్ తిన్నవాళ్లే.

కాబట్టి 'నేచురల్' అని రాసుంటే కళ్లు మూసుకుని కొనకండి. దురదగొండి కాయ కూడా నేచురలే. చాకలి గుర్తు పెట్టే నల్లజీడి రసం కూడా నేచురలే, ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది.

నూనెల్లో కూడా తేడా ఉంది. ఆలివ్ నూనె చర్మం గోడని బలహీనపరుస్తుందని 2013లో ఒక అధ్యయనంలో తేలింది. కొబ్బరినూనెది కాస్త మంచి రికార్డే. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో, వర్జిన్ కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కన్నా మెరుగ్గా పనిచేసింది. అలాగని వంటింటి సీసా తెచ్చి పూసేయకండి, డాక్టర్‌ని అడిగి చూడండి.

డబ్బా ముందు వైపు కాదు, వెనక వైపు

ఇప్పుడు అసలు విషయం. షాపులోనో, యాప్‌లోనో నిలబడి ఏది కొనాలి?

ముందు వైపు రాసిన మాటల్ని పట్టించుకోకండి. 'హైపోఎలర్జెనిక్' అనే మాటకి అమెరికాలో ఎఫ్‌డీఏ 1975లో ఒక నిర్వచనం పెట్టింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 1977లో కోర్టు దాన్ని కొట్టేసింది. అక్కడ ఇప్పటికీ ఆ మాటకి చట్టపరంగా ప్రమాణం లేదు. 'అన్‌సెంటెడ్' అంటే వాసన తెలియదని మాత్రమే. వాసన కప్పెట్టడానికి ఇంకో సెంటు కలిపి ఉండొచ్చు. మనకి కావాల్సింది 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ'.

వెనక్కి తిప్పండి. పదార్థాలు ఎక్కువ మోతాదు నుంచి తక్కువకి వరసగా రాస్తారు. నేను వెతికి పక్కన పెట్టేవి ఇవి: పర్ఫ్యూమ్ లేదా ఫ్రాగ్రెన్స్, లిమొనీన్, లినలూల్, టీ ట్రీ, లావెండర్ లాంటి సుగంధ తైలాలు, సోడియం లారిల్ సల్ఫేట్, మిథైల్‌ఐసోథయాజొలినోన్. ఈ చివరిది నోరు తిరగని పేరే కానీ గుర్తుపెట్టుకోండి. 2013లో అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దీన్ని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది. రాసి వదిలేసే క్రీముల్లో దీన్ని యూరప్ 2017 నుంచి నిషేధించింది. రీల్స్‌లో అందరూ తిట్టే పారబెన్స్‌ని మాత్రం అదే సొసైటీ 2019లో 'ఎలర్జీ కలిగించనిది' అని వెనకేసుకొచ్చింది. మనం భయపడేది ఒకటి, భయపడాల్సింది ఇంకొకటి.

ఉంటే మంచివి: గ్లిజరిన్, పెట్రోలేటమ్, లిక్విడ్ పారఫిన్, సెరమైడ్లు. యూరియా, లాక్టిక్ యాసిడ్ ఉన్నవి గట్టిపడిన పొడి చర్మానికి బాగుంటాయి కానీ పగిలిన చోట భగ్గుమంటాయి. పసివాళ్లకి మీ అంతట మీరు వాడకండి.

ఇక సబ్బు. చర్మం కాస్త పుల్లటి గుణంలో ఉంటుంది, పీహెచ్ 5 దరిదాపుల్లో. సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. టీఎఫ్‌ఎం 76 శాతం ఉంటే గ్రేడ్ 1 సబ్బు, సంతోషమే, కానీ ఎంత మంచి సబ్బైనా సబ్బే. బేబీ అని రాసినా సబ్బే. దానికి బదులు సిండెట్ బార్ గానీ, సువాసన లేని సోప్ ఫ్రీ క్లెన్సర్ గానీ తీసుకోండి. ధర ఎక్కువే. అందుకే ఒళ్లంతా రుద్దకుండా మురికి పట్టే చోట్ల మాత్రం వాడితే చాలు.

ఏది బెస్ట్?

లోషనా, క్రీమా, జెల్లా, ఆయింట్‌మెంటా? బ్రిటన్‌లో 550 మంది పిల్లల మీద ఈ నాలుగింటినీ పోల్చి చూశారు. 2022లో వచ్చిన ఫలితం: ఏదీ ఇంకోదాని కన్నా గొప్పది కాదు. అంటే మీరు రోజూ విసుగు లేకుండా పూసుకోగలిగేదే మీకు బెస్ట్. నేను పద్నాలుగు కొన్నది దేనికో ఇప్పుడు మీరే చెప్పాలి. మన వేసవిలో జిడ్డు ఆయింట్‌మెంట్ ఉక్కపోస్తుంది కాబట్టి పగలు క్రీం, రాత్రి ఆయింట్‌మెంట్ అని నేను సర్దుకున్నాను. బడ్జెట్ లేకపోతే సువాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ చాలు. తడిని పట్టి ఉంచడంలో దాన్ని మించింది కష్టం.

పూసే పద్ధతి మాత్రం ముఖ్యం. గోరువెచ్చని నీళ్లతో ఐదు, పది నిమిషాల స్నానం. మెత్తటి బట్టతో అద్దాలి, రుద్దకూడదు. తడి పూర్తిగా ఆరకముందే, మూడు నిమిషాల్లోపు మాయిశ్చరైజర్. వెంట్రుకలు వాలిన దిక్కునే కిందికి రాయాలి. పిసినారితనం వద్దు. ఒళ్లంతా పూయాల్సిన పిల్లలకి వారానికి 250 నుంచి 500 గ్రాములని బ్రిటన్ మార్గదర్శకాలు చెప్తున్నాయి. చిన్న ట్యూబు మూడు నెలలు వచ్చిందంటే మీరు పూయడం లేదు, వాసన చూస్తున్నారు.

కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపల చిన్న చోట, రోజుకి రెండుసార్లు, వారం పాటు. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టకండి. ఏది కుట్టిందో తెలియదు. ఇంకో జాగ్రత్త. ఈ పూతలు బట్టలకి పడితే, ఆ బట్టలు నిప్పుకి తొందరగా అంటుకుంటాయి. దీపావళికి, కార్తీక దీపాల దగ్గర, గ్యాస్ స్టవ్ దగ్గర చూసుకోండి.

పసుపు రంగు పెచ్చులు కట్టినా, చీము కారినా, జ్వరం వచ్చినా, నీటి పొక్కులు గుంపుగా లేచినా క్రీములు వెతుక్కుంటూ కూర్చోవద్దు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మూడు వారాల తర్వాత

చిన్నోడికి డాక్టరమ్మ తక్కువ బలం స్టిరాయిడ్ కొన్ని రోజులకే రాశారు. అది కాక ఒక క్లెన్సర్, ఒక మాయిశ్చరైజర్. తొమ్మిది పోయి మూడయ్యాయి. సాంబ్రాణి దేవుడి గదికే పరిమితమైంది. బట్టలు సెంటు లేని సబ్బుతో ఉతికి, రెండుసార్లు జాడిస్తున్నారు. మొదటి వారం పెద్ద తేడా లేదు. రెండో వారం రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయాడట. పూర్తిగా పోలేదు. పళ్లొచ్చేటప్పుడు చొంగ కారి మళ్లీ రావచ్చు, చలికాలం రావచ్చు. చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ తగ్గుతుంది. నాలాంటి వాళ్లలో ఉండిపోతుంది కూడా.

ఒకరోజు రాత్రి అమ్మ ఫోన్ చేసింది. కాసేపు ఏవేవో మాట్లాడి, చివర్లో మెల్లగా అడిగింది: "ఒరేయ్ నానా, నీకు కూడా నేను రుద్దిన సున్నిపిండి వల్లే వచ్చిందంటావా?"

"కాదమ్మా, నాకొచ్చింది ఇంజినీరింగ్‌లో. నువ్వు రుద్దడం ఆపేసి అప్పటికి పదిహేనేళ్లు" అన్నాను. "నీదీ కాదు, అక్కదీ కాదు, వంకాయదీ కాదు. గోడ అలా కట్టారు, మనం సున్నం వేసుకుంటూ పోవడమే." కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, రేపు గుత్తి వంకాయ చేస్తున్నా దానికి" అని పెట్టేసింది.

అక్క నిన్న అత్తారింటికి వెళ్లింది. బుగ్గలు నున్నగా లేవు, రెండు మచ్చలతోనే వెళ్లాడు వాడు. దిగగానే అత్తగారు అడక్కముందే, "అత్తయ్యా, వీడికి ఎగ్జిమా, అంటుకోదు, స్నానం చేయించాక ఇది పూయాలి" అని డబ్బా చేతికిచ్చి చెప్పేసిందట. ఆవిడ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "మా చిన్నాడికీ ఇట్లాగే ఉండేదమ్మా, ఎవరికీ చెప్పలేదు" అన్నారట.

నేను కూడా ఇవాళ ఆఫీసుకి హాఫ్ హ్యాండ్స్ వేసుకొచ్చాను. ఎవరూ చూడలేదు. ఒక్కడు చూశాడు, పక్క టీమ్ కుర్రాడు. లంచ్‌లో దగ్గరికొచ్చి, చొక్కా చేతులు కాస్త పైకి జరిపి అడిగాడు: "బ్రో, నువ్వు ఏ క్రీం వాడతావ్?"

"ముందు నువ్వేమేం వాడుతున్నావో చెప్పు" అన్నాను.